ఆరింటికి ఆందోళన

కీడెంచి మేలెంచమన్నారు పెద్దలు. నేను మొదటి సగమే విన్నాను. కీడెంచడంలో మా వంశంలో నన్ను మించినవాడు లేడు. డాలస్‌లో ఉన్న మా అబ్బాయి మధ్యాహ్నం ఒంటిగంటన్నరకు ఫోన్ తీయకపోతే, ఎండాకాలంలో అక్కడప్పుడు తెల్లవారుజాము మూడని నాకు తట్టదు. ముందు యాక్సిడెంటు, ఆపైన ఉద్యోగం ఊడటం, ఆ వెంటనే వీసా రద్దు. "యాక్సిడెంటయితే ఉద్యోగమెందుకు ఊడుతుందండీ?" అని మా ఆవిడ అడిగితే, "సెలవులైపోవూ?" అన్నాను.

ఇక లాభం లేదని మా అమ్మాయి నాకు లైఫ్ కోచ్‌ని కుదిర్చింది.

"ఈ వయసులో కోచింగేమిటి, ఏ పరీక్ష రాస్తున్నారు?" అంది మా ఆవిడ.

నిజంగానే ఏబీసీలతో మొదలైంది. ఆల్బర్ట్ ఎల్లిస్ అనే అమెరికన్ మనస్తత్వవేత్త 1950ల్లో మొదలుపెట్టిన చికిత్సలోదట ఈ పాఠం. ఏ అంటే జరిగిన సంగతి, బి అంటే దాని గురించి మనం అనుకునేది, సి అంటే ఫలితం. అబ్బాయి ఫోన్ తీయకపోవడం ఏ, 'కొంప మునిగింది' అనుకోవడం బి, నా బీపీ సి. తర్వాత డి ఉంది: ఆ బితో వాదించడం. ఆ డిపార్ట్‌మెంటు పెళ్లయిన నాటి నుంచీ మా ఆవిడదే, జీతం లేకుండా చేస్తోంది.

"ఆ ఆలోచనలు మానెయ్యరాదూ" అని పక్కింటాయన సలహా. మానెయ్యమంటే మనసు మానదు. 1987లో ప్రచురించిన ఓ ప్రయోగంలో వెగ్నర్ అనే మనస్తత్వవేత్త బృందం అమెరికా కాలేజీ పిల్లల్ని తెల్ల ఎలుగుబంటిని తలుచుకోవద్దంది, తలపుకొస్తే గంట కొట్టమంది. గంటలు మోగుతూనే ఉన్నాయి.

మా కోచ్ మానమనలేదు, వాయిదా వెయ్యమన్నాడు. ఇదీ ఆయన సొంత సరుకు కాదు, 1983లో బోర్కొవెక్ అనే ఆయన బృందం ప్రచురించిన పద్ధతి. రోజూ ఒకే వేళకు, ఒకే చోట కూర్చుని అరగంట ఆందోళనపడాలి. మిగతా వేళల్లో వచ్చిన వాటిని రాసిపెట్టుకోవాలి. నాకు సాయంత్రం ఆరు, బాల్కనీలో ప్లాస్టిక్ కుర్చీ.

"ఏవండీ, ఆరయింది, బాధపడటానికి రండి!" అని వంటింట్లోంచి కేక. తీరా కూర్చుని చీటీ చూస్తే అబ్బాయి ఫోన్ చేసేశాడు, గ్యాస్ బండ వచ్చేసింది. బాధపడటానికేమీ మిగల్లేదే అని కొత్త కంగారు. చివరికి రోజూ మిగిలేది ఒక్కటే, మా ఆవిడ మోకాలి నొప్పి. "దానికి మీరేం చేయగలరు?" అన్నాడు కోచ్. ఎముకల డాక్టరు దగ్గర టోకెన్ తీసుకున్నాను. ఇన్నాళ్లూ ఆ మోకాలి గురించి దిగులుపడ్డానే గానీ, ఆటో పిలిచింది లేదు.

ఒక మాట. మన దేశంలో కోచ్‌నని బోర్డు కట్టడానికి లైసెన్సు అక్కర్లేదు. నిద్రా తిండీ పోయేంత దిగులైతే డాక్టరు దగ్గరికే వెళ్లాలి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీమానస్ నంబరు 14416, ఉచితం.

ఇంతకీ అసలు సంగతి నాకు ఆలస్యంగా తెలిసింది. మా ఆవిడ రోజూ రాత్రి ఏడున్నరకు సీరియల్ పెట్టుకుని, అందులో కోడలి కష్టాలకు అరగంట తనివితీరా ఏడ్చి, టీవీ కట్టేసి హాయిగా పడుకుంటుంది. కోచ్ ఫీజు ఇచ్చుకోలేనివారు దాంతో మొదలుపెట్టండి. యాడ్స్ భరించాలి, అంతే.