బటన్ టైరు, బోడి తల

ఈ సెలవుల్లో కర్నూలు కాలనీలకు పట్టిన కొత్త పీడ తెలిసిందే. పదేళ్ళ పిల్లోడికి మినీ డర్ట్ బైక్ కొనడం పాత ముచ్చట, ఇప్పుడు పంచాయితీ అంతా టైర్ల మీద. టీ బంకు కాడ, కటింగ్ షాపులో, ఆఖరికి పెళ్ళి పందిట్లో ఇద్దరు తండ్రులు కలిసినా అదే మాట: "హార్డ్ టెర్రైన్ వేయించినావా అన్నా, సాఫ్టా?" కొడుక్కి పిల్లను చూసేటప్పుడు కూడా ఇన్ని వివరాలు అడగరు.

వాళ్ళ శాస్త్రంలో తప్పు లేదు. గట్టి నేలకు పొట్టి గుబ్బలు (మనం బటన్లు అనేవే), దగ్గరదగ్గరగా. మెత్తటి నేలకు పొడుగు గుబ్బలు, ఎడంఎడంగా, ఇరుక్కున్న బురద రాలిపోయేటట్టు. మరి మన నేల ఏ రకం సామీ? నంద్యాల వైపు నల్లరేగడి మే నెలలో చెయ్యి దూరేంత నెర్రెలిస్తుంది, వాన పడితే కాలి చెప్పును కూడా వదలదు. నాలుగు చుట్లు తిరిగేసరికి గుబ్బల సందులన్నీ పూడిపోతాయి, ఏ కంపెనీదైనా ఒకటే. కడప వైపు పోతే బండలు, గరుసు. ఇక కంపముల్లుకు హార్డూ లేదు, సాఫ్టూ లేదు.

ఇంతా చేసి ఆ టైరు రేగడీ చూడదు, గరుసూ చూడదు. మా వీధి సిమెంటు రోడ్డు మీదే దాని సాహసయాత్ర. సరిగ్గా మధ్యాహ్నం నాకు కునుకు పట్టే వేళకు మొదలు. సిమెంటు మీద ఆనేది గుబ్బల కొనలే. బ్రేకు కొడితే గుబ్బ వంగుతుంది, బండి జారుతుంది. మట్టిలో పట్టు ఉండాలని గాలి తగ్గిస్తారు, ఆ మెత్తటి టైరుతో మలుపు తిప్పితే బండి ఊగుతుంది. పట్టు కోసం కొన్నదే పట్టు తప్పిస్తుంది. పైగా గుబ్బలు అరిగిపోతే "క్వాలిటీ లేదన్నా" అని మళ్ళీ అంగడికి. ఒకాయన కొత్త జత వేయించి, మాసిపోతాయని పిల్లోడిని మట్టిలోకే పోనీయడం లేదు! ఆదివారం మాత్రం బొలెరోలో వేసుకుని గండికోటకు పోతాడు, పెన్న లోయ కనబడేటట్టు బైకు నిలబెట్టి రీలు తీస్తాడు, మళ్ళీ బొలెరోలోకి ఎక్కిస్తాడు.

నవ్వింది చాలు. ఆ పిల్లోడి తల మీద గుడ్డపేలిక కూడా లేదు.

అడిగితే "అది బండి కాదన్నా, బొమ్మ" అంటారు. బొమ్మ ఎట్లయితది? 1988 మోటారు వాహనాల చట్టం మినహాయించింది 25 సీసీ దాటని చిన్న ఇంజన్లను. దీనిది 49 సీసీ. 2019 సవరణ ప్రకారం మైనరు బండితో నేరం చేస్తే తండ్రికి మూడేళ్ళ దాకా జైలు, 25,000 రూపాయల జరిమానా. నాలుగేళ్ళు దాటితే హెల్మెట్ పెట్టాలన్నదీ ఆ చట్టమే. నంబరు ప్లేటు లేదు, ఇన్సూరెన్స్ లేదు. రేపు అరుగు మీద కూర్చున్న ముసలమ్మను గుద్దితే ఎవరి గొంతు పట్టుకోవాలి?

గుబ్బల టైరు నిజంగా కావాల్సింది పాలక్యాన్లు కట్టుకుని చేలదారిన ఎక్సెల్ మోపెడ్ మీద వచ్చే రైతుకు. ఆయన మాత్రం అరిగిన టైరుతోనే నెట్టుకొస్తున్నాడు.

టైరు సైజు ఎంతంటే 2.50-10 అని నిద్రలో కూడా చెప్తావు కదా నాయనా, నీ కొడుకు తల చుట్టుకొలత ఎన్ని సెంటీమీటర్లో చెప్పు. హెల్మెట్ అంగడిలో మొదట అడిగేది అదే.