చదువరులు లేని పద్దు: ఒక చెల్లింపుల పట్టిక ఆత్మకథ

నన్నెవ్వరును చదువరు, అట్లని నన్ను వ్రాయుట మానరు. నెలనెలకును జన్మించి, పుట్టిననాడే ఒక మూలకు చేర్చబడి, అచ్చటనుండి లోకమునకెల్ల దర్శనమిచ్చుచున్నదానినని పేరుపడి, నిజమునకు ఎవ్వరి కంటను పడక కాలము గడపు ప్రాణి ఈ భూమిపై మరియొకటి కలదో లేదో నేనెరుగను. ఇంగ్లండు దేశమున ఒకానొక ప్రాంతపు ప్రజల ఆరోగ్యమునకు బాధ్యత వహించు సంస్థవారు, సరకులిచ్చినవారికిని సేవలు చేసినవారికిని చెల్లించిన సొమ్ము వివరములు గల పట్టికను నేను. 25,000 పౌండ్లకు మించిన చెల్లింపు ఏదియైనను నాయందొక పంక్తియై నిలువవలెను. అది నా ధర్మము.

నా జన్మకు కారణమైనది ఒక అపకీర్తి. 2009వ సంవత్సరము మే మాసమున, బ్రిటిషు పార్లమెంటు సభ్యులు తమ సొంత ఖర్చులను ప్రజాధనమునుండి రాబట్టుకొన్న వైనమును ఒక దినపత్రిక విడతలు విడతలుగా ప్రకటింపగా దేశమెల్ల అట్టుడికిపోయెను. చెరువులోని బాతులకు కట్టించిన గూటికై 1,645 పౌండ్లు కోరినవాడొక సభ్యుడు. తన భవనము చుట్టునున్న కందకమును శుభ్రపరచిన ఖర్చును లెక్కలో చూపినవాడు వేరొకడు. బాతుల గూటి సొమ్ము చెల్లింపబడనేలేదు. అయినను ఆ గూడు జనుల మనస్సులనుండి తొలగనూలేదు. మరుసటి యేట గద్దెనెక్కిన ప్రధానమంత్రి డేవిడ్ కామెరాన్, మే నెలాఖరున శాఖలన్నింటికిని లేఖ వ్రాసి, కేంద్రప్రభుత్వ వ్యయములో 25,000 పౌండ్లు దాటిన ప్రతి పద్దును నవంబరునుండి ఇంటర్నెట్టున ప్రకటింపవలెనని ఆదేశించెను. స్థానిక పాలకమండళ్ళకైతే ఆ హద్దు 500 పౌండ్లే. ఆ నియమము ఆరోగ్యసేవా సంస్థలకును ప్రాకగా నేను పుట్టితిని. ఇక ఇండ్లలో పడకకుర్చీలయందు ఆసీనులైన సామాన్య పౌరులే వేలకొలదిగా ఆడిటర్లై ప్రభుత్వమును నిలదీయుదురని మంత్రులు ఆశపడిరి. పడకకుర్చీలకు కొదువలేదు, అందు కూర్చుండినవారు టెలివిజను చూచుచుండిరి.

నా నిర్మాణమును గూర్చి చెప్పదగినది స్వల్పము. నెల ముగిసిన పిమ్మట లెక్కల విభాగపు ఉద్యోగి యొకడు లెడ్జరునుండి పెద్ద చెల్లింపులను వడగట్టి, తేదీ, ఖర్చు రకము, విభాగము, సరఫరాదారు పేరు, లావాదేవీ సంఖ్య, మొత్తము అను నిలువు వరుసలలో అమర్చును. రోగుల ఆంతరంగిక విషయములు బయటపడు చోట పేర్లను కప్పివేయును. ఉద్యోగుల జీతములు నాలో నుండవు. ఒక్క పూటలో నా పుట్టుక ముగియును. పురుడు పోసినవాడు తేనీటికి లేచిపోవును.

అయినను నా మొదటి జన్మ వైభవము తక్కువది కాదు. ఆనాడు నన్ను కన్నది ప్రైమరీ కేర్ ట్రస్టు. 1948 జులై 5న అనూరిన్ బెవన్ చేతులమీదుగా ఆరంభమైన నేషనల్ హెల్త్ సర్వీసు బడ్జెటులో సుమారు 80 శాతము, దేశమునందు 150కి పైగా నుండిన ఇట్టి ట్రస్టుల ద్వారముననే వ్యయమగుచుండెను. కావున నా శిరోభాగమున పెద్దాసుపత్రికి నెలనెలా ముట్టు మహారాశులుండెడివి. వాని క్రింద అంబులెన్సు సేవ, మానసిక చికిత్సాలయము, భవనముల అద్దె, కంప్యూటర్లు, సలహాదారులు, అన్నింటికిని అడుగున వృద్ధుల నర్సింగుహోములు. ఆ అడుగు పంక్తులయందే నాకు మక్కువ యెక్కువ. ఒకదానిని దగ్గరగా చూడుడు: ఒక తేదీ, ‘కంటిన్యూయింగ్ కేర్’ అను రెండు మాటలు, ఒక గృహము పేరు, ఒక అంకె. మంచము దిగలేని ముసలమ్మను వీపున పుండ్లు పడకుండ రాత్రివేళ గడియగడియకు ఒత్తిగిలజేయు చేతికి కూలి ఆ అంకెలోనే యున్నది. ఆ పంక్తిని మోయుచున్నందుకు నేను గర్వపడితిని, ఇప్పటికిని గర్వపడుదును.

నా హద్దును గూర్చి మాత్రము నాకు మొదటినుండియు మనసున గుచ్చుకొనుచునే యున్నది. 24,999 పౌండ్ల బిల్లు నా గుమ్మము దాటి లోనికి రాజాలదు. నెలకు 24,000 చొప్పున పండ్రెండు బిల్లులు పంపిన వ్యాపారి, ఏడాదికి 2,88,000 పౌండ్లు పుచ్చుకొనియు నాయందు కానరాకపోవచ్చును. ఒక్కసారి 26,000 పుచ్చుకొన్న పాపమునకు వేరొకడు నా పంక్తులలో శాశ్వతముగా నిలిచిపోవును. ఇక ఖర్చు రకము అను వరుసలో ‘ఇతర వృత్తిసేవలు’ అని వ్రాసిరా, దాని చాటున ఏనుగునైనను నిలుపవచ్చును. ఎవరికి ఎంత ఇచ్చితిరని అడిగినచో నేను బదులు చెప్పగలను. ఏల ఇచ్చితిరని అడిగినచో నేను మూగదానను.

నా నిజమైన దుఃఖము ప్రకటనతో ఆరంభమగును. ప్రకటించుట యనగా సంస్థవారి వెబ్‌సైటులో ‘మమ్ము గూర్చి’ అను శీర్షిక క్రింద, ‘విధానములు, నివేదికలు’ అను పుట అడుగున, ఒక లింకుగా నన్ను పడవేయుట. అంతదూరము శ్రమపడి వచ్చినవానికైనను నేను చూడదగిన రూపమున నుండుట అరుదు. ఒక నెల ఎక్సెల్ రూపము, మరునెల సి.ఎస్.వి. రూపము, ఆ పైనెల కాగితముపై అచ్చొత్తి దానిని మరల స్కాను చేసిన పి.డి.ఎఫ్. రూపము, అదియు అడ్డముగా తిరిగినది! అట్టి స్థితిలో నా అంకెలను కూడదలచినవాడు మెడ ప్రక్కకు వాల్చి, ఒక్కొక్కదానినే చేతితో ఎత్తి వ్రాసికొనవలసినదే. 2010 డిసెంబరు 1 అని యుండవలసిన గడిలో 40513 అను సంఖ్య నిలిచియుండును: 1900వ సంవత్సరాదినుండి దినములను లెక్కించుకొనుచు వచ్చుట ఎక్సెల్ మహాశయుని అలవాటు; దానిని మరల తేదీగా మార్చు ఓపిక మావారికి లేకపోయెను. పౌండు గుర్తుకు ముందు, తలపై టోపీ ధరించిన ‘ఎ’ అను ఆంగ్లాక్షరమొకటి పిలువని పేరంటముగా వచ్చి కూర్చుండును. ఒకే ఆసుపత్రి పేరు ఒక పంక్తిలో సంపూర్ణముగను, ఒక పంక్తిలో పొడి అక్షరములుగను, ఇంకొకదానిలో అక్షరలోపముతోను ఉండుటచే, దానికి మొత్తమెంత ముట్టినదో తేల్చుట బ్రహ్మతరము కాదు. నడుమ ఏదో యొక నెల పట్టిక పుట్టనే పుట్టదు. అది యేమైనదని అడుగువాడు లేడు. నియమమును పాటించితిమని చూపుటకు నేను చాలుదును. విషయమును తెలుపుటకు నేను చాలవలెనన్న పట్టుదల ఎవ్వరికిని లేదు.

నన్ను ఏకాగ్రతతో పఠించినవాడు అసలే లేడనుట మాత్రము కృతఘ్నత యగును. ఆసుపత్రులకు చేతితొడుగులు అమ్ము కంపెనీ ప్రతినిధి యొకడు నెలనెలా తప్పక వచ్చెడివాడు. తన ప్రత్యర్థికి ఎంత ముట్టినది, నిరుటికంటె పెరిగినదా తరిగినదా, ఏ నెలలో బిల్లు తెగినది అను విషయములను గీతలు గీసికొని మరీ చదివెడివాడు. అడ్డముగా తిరిగిన పుటలును వానిని ఆపలేకపోయెను.

2013 మార్చి 31తో నా మొదటి జన్మ ముగిసెను. అంతకు ముందటి యేడు చేయబడిన చట్టము ప్రైమరీ కేర్ ట్రస్టులను, వానిపై నుండిన పది స్ట్రాటజిక్ హెల్త్ అథారిటీలను రద్దుపరచగా, మరునాడే 211 క్లినికల్ కమిషనింగ్ గ్రూపులు వెలసెను. పంపకములు జరిగెను. భవనములను, ఉద్యోగులను, రావలసిన బాకీలను, తీర్చవలసిన అప్పులను జాబితాలు వ్రాసి అప్పగించుకొనిరి. కుర్చీలను సైతము లెక్కించిరి; ఆ కుర్చీలకు సొమ్ము ఎవరికి చెల్లించితిమో తెలుపు నన్ను తలచినవాడు లేడు. పాత వెబ్‌సైటు మూతపడెను. నేనుండిన చోట ‘మీరు కోరిన పుట కనబడలేదు’ అను వాక్యము వెలసెను. నేషనల్ ఆర్కైవ్స్‌వారు ప్రభుత్వ వెబ్‌సైటుల ప్రతులను భద్రపరచు పుణ్యమున నా పూర్వజన్మ కొంత తునుకలు తునుకలుగా మిగిలినది. అందును కొన్ని చోట్ల పుట యున్నది, పుటపై నా పేరున్నది, నొక్కినచో నేను లేను. రహస్యపత్రమును చింపివేసిన అధికారికి శిక్ష పడవచ్చును; బహిరంగపత్రమును పోగొట్టినవానిని అడుగువాడెవడు?

రెండవ జన్మలో నన్ను తయారుచేయు పని ఒక తెలుగువానికి దక్కెను. అనంతపురము జిల్లా పల్లెనుండి చదువుకొని వచ్చినవాడు. నా తేదీలను తేదీలుగానే ఉంచిన మొదటి మానవుడు. ఒకనాటి మధ్యాహ్నము వాడు ఊరిలోని అన్నతో ఫోనున మాటలాడుచు నన్ను సిద్ధపరచుచుండగా ఈ సంభాషణ నా చెవిన పడినది.

“ఏమి చేస్తాండావురా?”

“మా ఆఫీసోళ్ళు ఎవరికెంత కట్టినారో ఆ లెక్కన్నా. ఇంటర్నెట్లో పెడతాం. కావాల్సినోళ్ళు చూసుకోవచ్చు.”

“చూసుకోవచ్చు, సరే. చూసేవాడు ఎవడు? మా మాదిరి ఊరి ముందర చదవరా?”

ఆ అన్న యెరిగిన పద్ధతి వేరు. ఉపాధిహామీ పథకమునకు ఆంధ్రప్రదేశమున 2006నుండి సామాజిక తనిఖీలు ఆరంభమైనవి. 2009లో వానికై ఒక ప్రత్యేక సొసైటీయే ఏర్పడెను. కూలివారి కుటుంబములలోని చదువుకొన్న యువకులే మస్టర్లను హాజరుపట్టీలు చేతబట్టి ఇంటింటికిని పోయి, ఈ పని నీవు చేసితివా, ఈ సొమ్ము నీకు ముట్టినదా అని అడిగి, విన్నదానిని గ్రామసభలో చదివి వినిపించి, పిదప మండలమున ప్రజావేదికపై అధికారుల యెదుట పెట్టుదురు. ఊరు విడిచి పోయినవాని పేర కూలి పడినదని చదివినంతనే, వాని పొరుగువాడు లేచి నిలుచును. ఆహా, పట్టికయై పుట్టినచో అట్టి మస్టరునై పుట్టవలెను! దానియందు దోషము లుండవచ్చును, దొంగపేర్లుండవచ్చును. అయినను పేరు చదువగానే ‘నేనే’ అని పలుకువాడును, ‘కాదు’ అని అరచువాడును దానికి కలరు. నా నర్సింగుహోము పంక్తిని ఆ ముసలమ్మ కుమార్తెకు చదివి వినిపించినవాడు ఇన్నేండ్లలో ఒక్కడును లేడు. అంత డబ్బునకు తగిన సంరక్షణ జరిగినదో లేదో చెప్పగలిగినది ఆమె యొక్కతెయే.

కరోనా కాలమున నా జ్ఞాతులగు కాంట్రాక్టు ప్రకటనలకు పట్టిన గతి చూచి నాకు కొంత ఊరట కలిగినదన్నచో తప్పుగా తలంపకుడు. అనాదరము నా యొక్కదానికే కాదని తెలిసినది. కాంట్రాక్టు ఇచ్చిన 30 దినములలోపల వానిని ప్రకటింపవలసియుండగా జాప్యము చేయుట చట్టవిరుద్ధమని 2021 ఫిబ్రవరి 19న లండనులోని హైకోర్టు ఆరోగ్యమంత్రికి వ్యతిరేకముగా తీర్పు చెప్పెను. సొమ్ము ఎవరికి పోయినదో వేళకు చెప్పుట అలంకారము కాదు, విధి యని ఒక న్యాయమూర్తి నోట వినుట మా వంశమునకు గొప్ప సంగతి.

అంతకంటె గొప్ప సంగతి మరుసటి యేట జరిగెను. ఆక్స్‌ఫర్డు విశ్వవిద్యాలయ పరిశోధకులు బెంజమిన్ గుడెయిర్, ఆరన్ రీవ్స్ అనువారు నన్నును నా తోబుట్టువులను మూలమూలలనుండి ఏరి తెచ్చి, వంకరపేర్లను సరిదిద్ది, 2013నుండి 2020వరకు 173 క్లినికల్ కమిషనింగ్ గ్రూపుల చెల్లింపులలో లాభాపేక్షగల కంపెనీల వాటా ఎంతయో గణించి, దానిని ఆయా ప్రాంతముల మరణముల లెక్కతో సరిపోల్చిరి. ఆ వాటా ఒక పర్సంటేజి పాయింటు మేర పెరిగినచో, మరుసటి యేట, సకాల చికిత్సచే తప్పింపదగిన మరణముల రేటు 0.38 శాతము పెరుగుట వారికి కనబడెను; ఆ కాలమున అట్టి అదనపు మరణములు 557 అని వారి అంచనా. ఈ రెండును కలసి పెరిగినవనుట వేరు, ఒకదానివలననే రెండవది కలిగినదనుట వేరు. ఆ భేదమును వారే స్పష్టముగా చెప్పిరి. అయినను నెలనెలా గోడకు చెప్పుకొన్న మాటలన్నియు ఒక్కచోట కూడినంతనే ప్రశ్నయై నిలిచినవని నేను పొంగిపోతిని. ఆ వ్యాసము ‘లాన్సెట్ పబ్లిక్ హెల్త్’ పత్రికలో వెలువడినది 2022 జులై సంచికలో. ఆ జులై 1వ తేదీననే క్లినికల్ కమిషనింగ్ గ్రూపులు రద్దయి, 42 ఇంటిగ్రేటెడ్ కేర్ బోర్డులు వచ్చినవి. నాకు కీర్తి వచ్చిన మాసముననే నాకు మరల మరణము సంభవించెను.

ఇప్పుడు నాది మూడవ జన్మ. క్రొత్త సంస్థ, క్రొత్త పుట, అదే అడుగుమూల. పడకకుర్చీలనుండి లేచి జనులు గుంపులుగా వత్తురన్న భ్రమ నాకిక లేదు. దేశమంతయు నన్ను చదువవలెననియు కోరను. తేదీని తేదీగా వ్రాయుడు, నిలువుగా నిలుపుడు, సంస్థ మారినప్పుడు నన్నును కుర్చీలతోపాటు లెక్కించి అప్పగింపుడు. ఇక పన్ను కట్టువానిని కోరునది ఒక్కటియే: చేతితొడుగులు అమ్మువాడు తన లాభమునకై చూపు శ్రద్ధలో సగము, ఆ తొడుగులకు సొమ్ము కట్టువాడవగు నీవును చూపుము. నెలకు ఒక పంక్తి చాలును; దానిని పట్టుకొని ‘ఇది ఏల?’ అని ఒక ఉత్తరము వ్రాయుము. బదులు చెప్పవలసివచ్చునన్న భయము కలిగిననాడు నన్ను వ్రాయువారి చేతివ్రాత దానంతటదియే కుదురుకొనును.