ఎంతొస్తుందండీ?

ఆదాయపు పన్ను శాఖ ఉన్నది పన్ను వసూలు చేసుకోడానికని ఇంకా ఎవరైనా నమ్ముతుంటే, వాళ్లు జూలై నెలలో ఒక పూట ఏ టాక్స్ కన్సల్టెంటు ఆఫీసులోనైనా వచ్చి కూర్చోవాలి. అక్కడికొచ్చే జనం వాలకం చూస్తే అది అచ్చంగా చీటీల కంపెనీ. ఏడాది పొడుగునా నెలనెలా జీతంలో కోయించుకుని, జూలైలో పాట పాడుకోడానికి వచ్చినట్టుంటారు. ‘నేనెంత కట్టాలండీ?’ అని అడిగే మనిషి మాకు అరుదు. చెప్పు విడిచి లోపలికి రాకముందే, కుర్చీ లాక్కోకముందే, పాన్ నంబరు చెప్పకముందే వచ్చే ప్రశ్న ఒకటే: ‘ఆడిటర్ గారూ, ఈసారి ఎంతొస్తుందండీ?’

మా గుంటూరు బ్రాడీపేటలో పన్నుల పని చేసే ప్రతివాడూ ఆడిటర్ గారే. చార్టర్డ్ అకౌంటెంటు చదివినవాడూ ఆడిటరే, నాలాగా డిగ్రీ పాసై కంప్యూటరు ముందు కూర్చున్నవాడూ ఆడిటరే. ఆ గౌరవం రీఫండ్ ఎంతో చెప్పేదాకా ఉంటుంది.

రీఫండ్ అంటే ఏమిటో ఒకసారి అనుకుందాం. కంపెనీయో బ్యాంకో టీడీఎస్ కింద మీ దగ్గర అవసరానికి మించి కోసింది. ఆ ఎక్కువైనది మీకు తిరిగిస్తారు. అంతే. అది ప్రభుత్వం ఇచ్చే బహుమతి కాదు, ఆడిటర్ చేసే మహిమా కాదు. ఇంకా చెప్పాలంటే పెద్ద రీఫండ్ వచ్చిందంటే మీ డబ్బు ఏడాదిపాటు సర్కారు వాడుకుందని అర్థం. అందుకు నెలకు అర శాతం వడ్డీ కలుపుతారు, ఆ వడ్డీ మీద మళ్లీ పన్ను కట్టాలి. ఇది చెబితే ఎవరి ముఖమూ వెలగదు. పెళ్లి భోజనాల్లో, అపార్ట్‌మెంటు లిఫ్టు దగ్గర, ఆఫీసు క్యాంటీనులో వినిపించేది వేరే లెక్క: ‘మా ఆడిటర్ 80 వేలు తెప్పించాడు, మీవాడు?’ ‘పన్నెండొందలు.’ ‘అయ్యో, మార్చెయ్యండి.’

హైదరాబాదులో సాఫ్ట్‌వేరు ఉద్యోగం చేసే ఒక కుర్రాణ్ణి వాళ్ల నాన్న పోయినేడాది వెంటబెట్టుకొచ్చారు. 2024-25లో ఆరు నెలలు ఒక కంపెనీ, ఆరు నెలలు ఇంకో కంపెనీ. రెండు చోట్లా కలిపి 14 లక్షల జీతం, కొత్త పన్ను విధానం. మొదటి కంపెనీ ఏడాది మొత్తానికి అంచనా వేసి తన వంతుగా 54,600 రూపాయలు కోసింది. రెండో కంపెనీకి ఈ పిల్లవాడు మొదటి జీతం సంగతి చెప్పలేదు. వాళ్లు ఇతని ఏడాది ఆదాయం 7 లక్షలే అనుకున్నారు. అందులో 75 వేలు స్టాండర్డ్ డిడక్షన్ తీసేసి, రిబేటు ఇచ్చి, రూపాయి కోయలేదు. స్టాండర్డ్ డిడక్షను మనిషికి ఒకటేగానీ కంపెనీకి ఒకటి కాదు. శ్లాబులూ అంతే. రెండు ఫారం 16లూ కలిపితే కట్టాల్సింది సెస్సుతో 1,09,200. అంటే ఇంకో 54,600, పైన వడ్డీ.

‘అంకుల్, మా ఫ్రెండ్‌కి రీఫండ్ వచ్చింది.’

‘వచ్చుంటుంది బాబూ. నువ్వు మాత్రం కట్టాలి.’

‘ఇద్దరిదీ ఒకే ప్యాకేజీ అంకుల్.’

తండ్రి అందుకున్నారు. ‘రెండో కంపెనీది చూపించకపోతేనో?’

‘చూపించాల్సిన పని లేదండీ, వాళ్లే చూపించేశారు.’ స్క్రీను వాళ్ల వైపు తిప్పాను. కోత లేకపోయినా, ఇచ్చిన జీతం పన్ను శాఖవారి వార్షిక సమాచార పట్టిక ఏఐఎస్‌లో నిలువునా కనబడుతోంది. దాని కిందే సేవింగ్స్ వడ్డీ, మ్యూచువల్ ఫండ్ అమ్మకం, కొడుకు పేర చేసిన ఫిక్స్‌డ్ డిపాజిటు. ఆ డిపాజిటు సంగతి కొడుక్కి అప్పుడే తెలిసింది. వాళ్ల ఇంటి గుట్టు కాస్తా నా ఆఫీసులో బయటపడ్డాక ఇద్దరూ లేచారు. ‘ఒకసారి వేరేచోట కనుక్కుని వస్తామండీ’ అన్నారు.

వేరేచోటు అంటే ఏమిటో మాకు తెలుసు. అక్కడ ‘గ్యారంటీ రీఫండ్’ గారుంటారు. వారి ఫీజు రిటర్న్‌కు ఇంత అని ఉండదు, వచ్చినదాంట్లో వాటా. కాబట్టి వారికి మీ జీతమెంత, వడ్డీ ఎంత అన్నది అనవసరం. ముందు రీఫండ్ ఎంత కావాలో తేల్చుకుంటారు, దాన్నిబట్టి వెనక్కి లెక్క కట్టుకుంటూ వెళ్తారు. కొత్త విధానంలో తగ్గింపులు దాదాపు ఉండవు గనక ముందు మిమ్మల్ని పాత విధానంలోకి మారుస్తారు. ఆ తర్వాత చూడాలి వారి హస్తవాసి! నిన్నటిదాకా రాయిలా ఉన్న మనిషికి సెక్షన్ 80డీడీబీ కింద మూత్రపిండాలు పాడవుతాయి. పాత పల్సర్ మీద వచ్చినవాడు విద్యుత్ కారు అప్పుకు వడ్డీ కడుతుంటాడు. పెళ్లికాని పిల్లవాడి ఇంట్లో వికలాంగులైన కుటుంబ సభ్యులు వెలుస్తారు. 1961 ఆదాయపు పన్ను చట్టం కింద ఇంటద్దె భత్యానికి ముంబై, ఢిల్లీ, కోల్‌కతా, చెన్నైలకు జీతంలో 50 శాతం దాకా, హైదరాబాదుతో సహా మిగతా ఊళ్లకు 40 శాతం దాకా అన్నారు. ఆ పది శాతం కోసం కూకట్‌పల్లి కుర్రాడితో రాత్రికి రాత్రి చెన్నైలో కాపురం పెట్టించగల ఘనులున్నారు.

అన్నింటికన్నా ముచ్చటైనది 80జీజీసీ. రాజకీయ పార్టీకి చెక్కు ద్వారానో ఆన్‌లైన్లోనో విరాళమిస్తే ఆ మొత్తానికి మొత్తం ఆదాయంలోంచి తగ్గిస్తారు. పోలింగు రోజు సెలవిస్తే సూర్యలంక బీచికి పోయేవాడు, తన నియోజకవర్గం పేరు కూడా తడుముకుని చెప్పేవాడు, ఎక్కడో ఉత్తరాదిన ఎవరూ వినని పార్టీకి ముక్కుపచ్చలారని జీతంలోంచి లక్ష రూపాయలు సమర్పించుకుంటాడు! ఆ పార్టీ గుర్తు ఏమిటని అడిగితే ఆడిటర్ గారిని అడగమంటాడు. చెక్కుగా వెళ్లిన డబ్బు కమిషను పట్టుకుని నగదుగా వెనక్కి వచ్చే ఏర్పాటది. 2025 ఆగస్టులో ఎన్నికల సంఘం 334 గుర్తింపులేని పార్టీలను జాబితాలోంచి తీసేసింది. ఆరేళ్లుగా ఒక్క ఎన్నికలోనూ పోటీ చేయలేదన్నది వాటి మీద అభియోగం. పోటీ చేయని పార్టీకి ఓటు వేసినవాడు ఉండడు గానీ, విరాళమిచ్చినవాడు ఉండొచ్చు.

అద్దె రసీదుల దగ్గరికి వస్తే మనవాళ్ల సాహిత్యాభిలాష ఉప్పొంగుతుంది. పన్నెండు నెలల రసీదులూ ఒకే పెన్నుతో, ఒకే ఊపులో, ఒకే వంపు సంతకంతో ఉంటాయి. రెవెన్యూ స్టాంపులన్నీ ఒకే షీటులోంచి చింపినవని అంచులు కలిపి చూస్తే తెలిసిపోతుంది. మొన్నొకాయన తెచ్చిన కట్టలో ఫిబ్రవరి 30న అద్దె ముట్టినట్టు రసీదుంది. అద్దె ఏడాదికి లక్ష దాటితే ఇంటి యజమాని పాన్ ఇవ్వాలని చెప్పాను. ‘మా నాన్నదేనండీ ఇల్లు, ఆయనది వేసెయ్యండి’ అన్నాడు. ‘మరి నాన్నగారి రిటర్నులో అద్దె ఆదాయం చూపాలి కదా?’ ‘అదేంటండీ, మా నాన్న దగ్గర నేను అద్దె కడతానా!’ నిజం అంత నిర్మలంగా చెప్పగలిగినవాడితో వాదించలేం.

ఇక కాగితాలు. ఫారం 16 పీడీఎఫ్‌గా ఉంటుంది, పంపమంటే ల్యాప్‌టాప్ తెరను ఫోనుతో ఫొటో తీసి వాట్సాప్‌లో పెడతారు. సగం అంకెల మీద ట్యూబులైటు మెరుపు, పక్కన సగం టీ గ్లాసు. పాస్‌వర్డ్ అడిగితే ‘ఏదో ఉండాలే’ అంటారు. అన్నీ ఇచ్చారా అంటే ‘పోయినేడాది లాగే’ అంటారు. పోయినేడాదికీ ఈ ఏడాదికీ మధ్య ఒక ప్లాటు అమ్మి, షేర్లలో ఎఫ్ అండ్ ఓ ఆడి, బావమరిది పెళ్లికని సేవింగ్స్ ఖాతాలో 11 లక్షలు నగదు వేసి ఉంటారు. 1961 చట్టం కింద 10 లక్షలు దాటిన నగదు జమను, 30 లక్షలకు తగ్గని రిజిస్ట్రేషన్నూ పన్ను శాఖకు తెలపాల్సిన బాధ్యత బ్యాంకుకూ రిజిస్ట్రారుకూ ఉంది. నాకు తెలపాల్సిన బాధ్యత మాత్రం ఎవరికీ లేదు. చివరికి రిటర్న్ వేసి ఆధార్ ఓటీపీ చెప్పమంటే అది పావుగంటే పనిచేస్తుందని ఎంత చెప్పినా మర్నాడు పొద్దున పాలు కాచుకున్నాక పంపుతారు. ధ్రువీకరణ 30 రోజులు దాటితే, ధ్రువీకరించిన రోజే రిటర్న్ వేసినట్టు లెక్క. అప్పుడు ఆలస్య రుసుం 5 వేలు పడితే, ‘మీరు వేయలేదా?’ అనేది నన్నే.

నిజంగా రీఫండ్ రావలసినవాళ్లు లేరా అంటే ఉన్నారు. వాళ్ల గోడు ఎవరికీ పట్టదు. రిటైరైన ఒక పంతులమ్మగారు, డిపాజిట్ల వడ్డీ మీదే బతుకు. బ్యాంకులో ఫారం 15హెచ్ ఇవ్వడం మర్చిపోయారు. బ్యాంకు 10 శాతం కోసింది. పన్ను కట్టాల్సినంత ఆదాయం ఆవిడకు లేనే లేదు, ప్రతి రూపాయీ తిరిగి రావాలి. రాలేదు. ఎందుకంటే పాన్‌లో ఇంటిపేరు పూర్తిగా ఉంది, బ్యాంకులో పొడి అక్షరం ఉంది, పోర్టల్ ఇద్దరూ ఒకరు కాదని తేల్చింది. తెలుగువాళ్ల ఇంటిపేరు ముందుంటుందా వెనకుంటుందా అన్నది మన దేశపు కంప్యూటర్లకు ఇంకా అంతుపట్టలేదు. డెబ్బై దాటిన మనిషి తన డబ్బు కోసం, తాను తానేనని రుజువు చేసుకోడానికి బ్యాంకు మెట్లెక్కి దిగుతుంటే, ఫిబ్రవరి 30 గారి రీఫండ్ నిక్షేపంగా పడింది.

సర్కారువారి మాట సర్కారువారిది. అంతా ముందే నింపి ఉంటుందట, ఐదు నిమిషాల పనట, ఎవరికివారే వేసుకోవచ్చట. ఈ ‘ఐదు నిమిషాలు’ అన్న మాట పట్టుకునే జనం మా ఫీజు దగ్గర బేరమాడతారు. 2025లో ఆ ఐదు నిమిషాల పనికి గడువు జూలై 31 నుంచి సెప్టెంబరు 15కు జరిగింది. 15న పోర్టల్ చతికిలపడ్డాక, అర్ధరాత్రి ఇంకాసేపట్లో అనగా, మరొక్క రోజు ఇచ్చారు. నిమిషాల పనికి నెలన్నర పొడిగింపు ఎందుకని ఏ క్లయింటూ అడగడు, ఆ రాత్రి మేం ఏం తిన్నామనీ అడగడు.

ఒకప్పుడు ప్రభుత్వం ఈ వ్యవహారం మీద బుద్ధిగా ఆలోచించిన రోజులున్నాయి. 2006లో ట్యాక్స్ రిటర్న్ ప్రిపేరర్ల పథకం పెట్టింది. కొత్తగా ఒకరిచేత రిటర్న్ వేయిస్తే, వాళ్లు కట్టిన పన్నులో 3 శాతం ప్రిపేరర్‌కు, వెయ్యికి మించకుండా. గమనించండి, కట్టిన పన్నులో. ‘గ్యారంటీ రీఫండ్’ గారు ఆ పథకాన్నే తిరగేశారు: కట్టని పన్నులో వాటా, పైపరిమితి లేదు. వారు కారు కొన్నారు. ఆ పథకం కింద శిక్షణ పొందినవారిలో కార్లున్నవాళ్లను నేను చూడలేదు.

2025 జూలై 14న పన్ను శాఖ దేశవ్యాప్తంగా 150 చోట్ల సోదాలు చేసింది. దొంగ తగ్గింపులు రాసి రీఫండ్లు లాగే ఇలాంటివారి మీదే. అప్పుడు శాఖ చెప్పిన సంగతుల్లో ఒకటి మాకు కొత్త కాదు. వీళ్లు క్లయింట్ల పేర ఎప్పటికప్పుడు కొత్త ఈమెయిళ్లు సృష్టించి రిటర్నులు గుత్తగా వేసేసి, పని కాగానే వాటిని వదిలేస్తారు. నోటీసులు ఆ దిక్కులేని డబ్బాల్లో పడుతుంటాయి, అసలు మనిషికి తెలియదు. అలాంటి క్లయింటు ఒకాయన ప్రొఫైల్ తెరిచి చూశాను. ఫోన్ నంబరు ఆయనది కాదు, ఈమెయిలులో ఆయన పేరు పక్కన అర్థంలేని అంకెలు. మూడు నోటీసులు, ఒక్కటీ తెరవలేదు. ‘మా ఆడిటర్‌కి ఫోన్ చేస్తే స్విచాఫ్ వస్తోందండీ’ అన్నాడు. సొమ్మొకడిది, సోకొకడిది. నోటీసు మాత్రం సొమ్ముగలవాడిదే. దొంగ లెక్క అని తేలితే ఎగవేసిన పన్నుకు 200 శాతం దాకా జరిమానా పడేది రిటర్న్ మీద ఎవరి పేరుంటే వాళ్లకే. ఎవరు టైపు చేశారన్నది చట్టానికి అనవసరం. ఓటీపీ చెప్పారంటే సంతకం పెట్టినట్టే.

అందుకని, పోయిన రెండు మూడేళ్లలో ‘గ్యారంటీ’ మీద రిటర్న్ వేయించుకున్నవారికి ఒక మనవి. ఈ పూటే పోర్టల్లోకి మీరే లాగిన్ అవండి. ప్రొఫైల్లో ఉన్న ఫోన్, ఈమెయిల్ మీవో కావో చూడండి. వేసిన రిటర్నులు దించుకుని మీకు లేని రోగాలు, ఇవ్వని విరాళాలు, కట్టని అద్దెలు ఉన్నాయేమో వెతకండి. ఉంటే నోటీసు రాకముందే అప్‌డేటెడ్ రిటర్న్ వేసి సరిదిద్దుకోవచ్చు. అందుకు అసెస్‌మెంట్ సంవత్సరం ముగిశాక 48 నెలల దాకా వ్యవధి ఉంది. మొదటి ఏడాదిలోనైతే పన్నూ వడ్డీ మీద 25 శాతం అదనం, ఆలస్యమైనకొద్దీ అది 70 శాతం దాకా పెరుగుతుంది. నా దగ్గరికే రానక్కర్లేదు, ఎవరిచేతనైనా వేయించుకోండి. మీరు అడగబోయే ప్రశ్నకు జవాబు కూడా ఇక్కడే చెప్పేస్తున్నాను: ఆ రిటర్నులో రీఫండ్ అడగడానికి చట్టం ఒప్పుకోదు.