లాంచి మామ

ఊరి చెరువులో మోకాలి లోతుకు కూడా దిగని మా మేనమామకు పడవల గురించి తెలిసినంత కాకినాడ సరంగులకు కూడా తెలియదు. తొర్రూరు బస్టాండు దగ్గర టీ కొట్టు బల్ల మీద కూర్చొనే, లాంచి ఎటు ఒరిగితే మనం ఎటు జరగాలో, ఎక్కడ కూర్చుంటే కడుపులో తిప్పదో చెప్పేస్తాడు. ఇలాంటి మామ మీ ఇంట్లోనూ ఉండే ఉంటాడు. టూరు అన్న మాట వినబడితే చాలు, ఆయన పెద్దరికం తీసుకుంటాడు. తలలు నెరిసిన మనం కూడా ఆ పూటకు చిన్నపిల్లలమే.

నాగార్జునకొండకు పోదామనుకున్నప్పుడు ఆయన మొదటి మాట, "శుక్రారం వద్దు, మ్యూజియం బంద్." ఆయన చెప్పేవాటిలో పూర్తిగా నిజమైనది ఇదొక్కటే. దీన్ని సాక్ష్యంగా చూపించి మిగతావన్నీ నమ్మిస్తాడు. బయలుదేరే రోజు తెల్లారకముందే ఫోన్. "లేసినవా అల్లుడా?" లేవకపోతే ఫోన్ ఎవరు ఎత్తారనుకున్నాడో!

తిరుమలగిరి దాటాక, దారికి కాస్త పక్కనున్న ఫణిగిరి చూసి పోదామంది మా చిన్నది. "బుద్ధుని కాడికే పోతున్నం కదా బిడ్డా, మల్ల నడుమ ఇంకో బుద్ధుడెందుకు?" అన్నాడు మామ. నేను ఊరుకోలేదు. ఇక్ష్వాకు రాజు రుద్రపురుషదత్తుడి శాసనం ఫణిగిరిలోనే దొరికిందనీ, మనం చూడబోయే విజయపురి ఆ వంశపు రాజధానేననీ అందుకున్నాను. "రాజులు యాడికీ పోరు అల్లుడా, లాంచి పోతది." బండి ఆగలేదు. ఆయనకు లాంచి పిచ్చి, నాకు శాసనాల పిచ్చి. వెనక సీట్లో పిల్లలు ఇద్దరికీ సమానంగా దండం పెట్టి చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకున్నారు.

ఇంత ఉరికించి తీసుకుపోయాక, రేవులో తెలిసిందేమిటంటే మంది నిండితే గాని లాంచి కదలదు. మేం నీడ వెతుక్కున్నాం. మామ మాత్రం మందిని వెతకడానికి పోయాడు. "రండ్రి, రండ్రి, ఇంకో పది మందైతే ఎల్తది!" వచ్చినవాళ్లు ఆయన్ని ఉద్యోగే అనుకొని టికెట్ ఎంతని అడుగుతున్నారు. ఆయన చెబుతున్నాడు కూడా. ఒకాయన చిల్లర కూడా అడిగాడు.

ఒక్క విషయంలో మాత్రం ఆయన్ని నవ్వలేం. 2019 సెప్టెంబరులో గోదావరిలో కచ్చులూరు దగ్గర బోటు మునిగింది. అందులో మన వరంగల్ పక్కన కడిపికొండ వాళ్లున్నారు. అప్పటి నుంచి లైఫ్ జాకెట్ దగ్గర మామ మొహమాటం ఎరగడు. ముందు అత్తమ్మకు, తర్వాత పిల్లలకు, ఆ తర్వాత పక్క సీటు పరాయి ముసలమ్మకు ఒక్కో పట్టీ గుంజి, బకిల్ టక్కుమన్నాక రెండు వేళ్లు దూర్చి, వదులుంటే మళ్లీ బిగిస్తాడు. ఫొటో కోసం విప్పిన పెళ్లికొడుకుతో తిరిగి తొడిగించాడు.

దాదాపు గంట నీళ్ల మీద. 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేసిన ఆనకట్ట విజయపురి ఉన్న లోయను ముంచేస్తుందని, 1954 నుంచి 1960 దాకా ఆర్. సుబ్రహ్మణ్యం ఆధ్వర్యంలో తవ్వకాలు జరిపి, కొన్ని కట్టడాలను కొండమీదికి చేర్చారు. ఆ కొండే ఇవాళ దీవి. "మామా, మనం ఒక రాజధాని నెత్తిమీంచి పోతున్నం" అన్నాను. ఆయన సరంగు వైపు తిరిగి "ఈడ లోతెంతుంటది?" అన్నాడు.

దీవి మీద కాలు పెట్టగానే ఆయన అడిగింది, "వాపస్ లాంచి ఎన్నింటికి?" మ్యూజియంలో బుద్ధుల ముందు నుంచి కవాతులా నడిపించాడు. మునిగిన లోయ నమూనా దగ్గర మాత్రం ఆగిపోయాడు. వంగి, కళ్లద్దాలు నుదుటి మీదికి నెట్టి, మేం ఎటు నుంచి వచ్చామో గాలిలో వేలితో గీస్తుంటే, బడిపిల్లలు టీచరును వదిలేసి ఈయన చుట్టూ మూగారు. టీచరు కూడా వచ్చి నిలబడింది.

సద్ది మూటలు విప్పినప్పుడు ఆయన పెద్దరికానికి పట్టపగ్గాలుండవు. అత్తమ్మ రాత్రంతా కూర్చొని చేసిన సకినాలు, పులిహోర "మేమే తెచ్చినం, తీసుకోండ్రి" అని దీవికంతా పంచాడు. అత్తమ్మకు అడుగున విరిగిన సకినాలు మిగిలాయి.

మొన్న జర్మనీలో ఉన్న ఆయన బిడ్డ గ్రీసు పోయి, పిరేయస్ రేవు నుంచి నాక్సోస్ దీవికి పోయే ఓడలోంచి వీడియో కాల్ చేసింది. ఐదు గంటల ప్రయాణం, ఓడ కింది అంతస్తులో కార్లు, లారీలు. మామ అడిగింది ఒకటే. "ఎంతమందైనంక కదిలింది?"

"మంది లేకున్నా టైముకు ఎల్లిపోతది బాపూ."

"గట్లయితే లాసే కదా!" అని గ్రీసు దేశం మీద జాలిపడ్డాడు. ఎండాకాలం మెల్తెమి అనే ఉత్తరపు గాలి గట్టిగా వీస్తే ఓడలు ఆపేస్తారని ఆ పిల్ల అనగానే, "నేను చెప్పలేదా?" అని మా అందరి వైపు చూశాడు. ఎప్పుడూ చెప్పలేదు.

ఇప్పుడు పాపికొండలట. భద్రాచలం మీదుగా పోచవరం పోయి బోటెక్కాలట. తేదీ ఆయనే ఖాయం చేశాడు, మమ్మల్ని అడగలేదు. అడిగి ఉంటే ఇప్పటికీ వాట్సాప్ గ్రూపులో ఒకరికొకరు దండాలు పెట్టుకుంటూ ఉండేవాళ్లం.