కాలని బ్యాటరీకి ఇసుక బకెట్లు

"మాది ఎల్‌ఎఫ్‌పీ అండీ, కాలదు." సోలార్ కరెంటును నిల్వ చేసే బ్యాటరీ కంటైనర్ల గురించి ఎవరిని కదిపినా ఇదే మంత్రం. లిథియం ఐరన్ ఫాస్ఫేట్ పాత నికెల్ రకం కంటే ఓర్పు గలదే, కాదనను. దాన్ని రెచ్చగొట్టాలంటే ఎక్కువ వేడే కావాలి. కానీ ఒకసారి రెచ్చిపోయిందంటే హైడ్రోజన్ కలిసిన వాయువును కక్కుతుంది. మూసిన పెట్టెలో అది పోగుపడితే మంట రాకుండానే పేలుడు రావచ్చు. మంత్రంలో ఈ రెండో పాదాన్ని మాత్రం పైకి చదవరు.

మరి కాలనిదానికి గేటు దగ్గర ఎర్ర బకెట్లలో ఇసుక ఎందుకో! తనిఖీకొచ్చిన ఆయన లెక్కపెట్టుకోవడానికి. బకెట్లు, ఇనప కంచె, సీసీ కెమెరా, పుర్రె బొమ్మతో 'ప్రమాదం' బోర్డు, ప్రారంభోత్సవం నాడు ఒక బూడిద గుమ్మడికాయ. భద్రత సంపూర్ణం. మన గుంటూరు వైపు అయితే నిమ్మకాయతో కలిపి గుచ్చడానికి మిరపకాయలకూ లోటు లేదు.

ఈ బ్యాటరీల సంగతి ఎక్కడో అమెరికా గొడవ అనుకునే రోజులు పోయాయి. సోలార్ టెండర్లు పిలిచేటప్పుడు ప్లాంటు సామర్థ్యంలో కనీసం పది శాతానికి, రెండు గంటల పాటు సరిపడే నిల్వను పక్కనే పెట్టించమని 2025 ఫిబ్రవరిలో కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ సలహా ఇచ్చింది. 2024 అక్టోబరులో మన ఆంధ్రప్రదేశ్ తెచ్చిన క్లీన్ ఎనర్జీ విధానం కూడా బ్యాటరీలకు ఎర్ర తివాచీ పరిచింది. రావాల్సిందే, వద్దనడం లేదు. పగటి ఎండను రాత్రి ఫ్యానుకి అందించాలంటే వేరే దారులు తక్కువ. వచ్చేదాన్ని ఎలా చూసి దించుకుంటున్నామన్నదే నా పేచీ.

చూసి కొనడంలో ఈ నేలను మించింది ఉందా? గుంటూరు మిర్చి యార్డులో టిక్కీ విప్పి, లోపలికి చెయ్యి పోనిచ్చి, అడుగునున్న కాయ తీసి, తొడిమ విరిచి, గలగల వినిగానీ ధర చెప్పరు. నాలుగు తాలు కాయలు కనబడితే రైతు గుండె జారాల్సిందే. సీసీఐ కేంద్రంలో పత్తికి తేమ మీటర్ గుచ్చుతారు. ఎనిమిది శాతం దాటితే కోత, పన్నెండు దాటితే ట్రాక్టర్ ఇంటికి. ఏడాదంతా కష్టపడి పండించిన దానికి ఇన్ని కొర్రీలు. కోట్ల రూపాయల కంటైనర్‌కి మాత్రం సర్టిఫికెట్ మీద ముద్ర కనబడితే చాలు. ఆ ముద్ర ఏ ఊరి ఎండలో వేశారని అడిగేవాళ్లు లేరు.

అడగాలి. ఆ సెల్స్‌కి హాయిగా ఉండేది ఇరవై అయిదు డిగ్రీల చుట్టుపక్కల. రెంటచింతల మే నెల ఎండ నలభై అయిదు దాటడం వింతేమీ కాదు. ఆ ఎండలో ఇనప పెట్టెను చల్లగా ఉంచే భారమంతా దాని కూలింగ్ యూనిట్ మీదే. ఆ యూనిట్ ఫిల్టర్‌లోకి జిన్నింగ్ మిల్లు దూది, కల్లాల దుమ్ము, మట్టిరోడ్డు ధూళి చేరతాయి. ఒంగోలు, చీరాల వైపు వెళ్తే ఉప్పుగాలి. 2023 డిసెంబరు 5న బాపట్ల దగ్గర తీరం దాటిన మిగ్‌జాం లాంటి తుపానొస్తే, కేబుల్ దూరే కన్నం ఎంత గట్టిగా మూశారో అప్పుడు తెలుస్తుంది.

దుమ్ముకే ఇంత రాద్ధాంతమా అంటారా? దక్షిణ కొరియాలో 2017 ఆగస్టు నుంచి 2019 మే దాకా 23 నిల్వ కేంద్రాలు తగలబడ్డాయి. అక్కడి ప్రభుత్వ కమిటీ చెప్పిన కారణాల్లో తేమ, దుమ్ము పట్టించుకోకపోవడం ఒకటి, బిగించేటప్పటి నిర్లక్ష్యం ఒకటి.

అరిజోనా సంగతి ఇంకా నేర్చుకోదగ్గది. 2019 ఏప్రిల్ 19న సర్‌ప్రైజ్ అనే ఊళ్లో (పేరు నేను పెట్టింది కాదు) రెండు మెగావాట్ల కేంద్రంలో సెల్స్ వేడెక్కాయి. మంటలార్పే గ్యాస్ బుద్ధిగా విడుదలైంది. కాగితం మీద అంతా పనిచేసినట్టే. కానీ ఆ గ్యాస్ మంటను ఆపుతుందిగానీ సెల్ నుంచి సెల్‌కి పాకే వేడిని ఆపలేదు. మండే వాయువులు బయటికి పోయే దారి లేక లోపలే పోగయ్యాయి. కొన్ని గంటల తర్వాత అగ్నిమాపక సిబ్బంది తలుపు తీశారు. ఆ పేలుడులో నలుగురు తీవ్రంగా గాయపడ్డారు. 2021 జులైలో ఆస్ట్రేలియా జీలాంగ్‌లో అయితే పరీక్షల దశలోనే, తాళంతో ఆఫ్ చేసి ఉంచిన బ్యాటరీ యూనిట్ అంటుకుంది. ఆఫ్ చేశారు కాబట్టి దాన్ని కనిపెట్టుకుని ఉండే వ్యవస్థలూ నిద్రపోయాయి.

అంత దూరం దేనికి, 2022 ఏప్రిల్లో విజయవాడలో రాత్రి ఛార్జింగ్‌కి పెట్టిన స్కూటర్ బ్యాటరీ పేలి ఇంటాయన చనిపోయాడు. అదే ఏడాది సెప్టెంబరులో సికింద్రాబాద్‌లో ఈ-స్కూటర్ల షోరూంలో అంటుకున్న మంట పైనున్న లాడ్జిలో ఎనిమిది మందిని బలి తీసుకుంది. స్కూటర్‌లో ఉండేది రెండు మూడు యూనిట్ల కరెంటు. ఇప్పుడొస్తున్న ఇరవై అడుగుల కంటైనర్‌లో అయిదు వేలు.

ఇక ధర. 2022లో కేంద్ర సోలార్ ఎనర్జీ కార్పొరేషన్ (సెకీ) టెండర్‌లో నిల్వకు మెగావాట్‌కి నెలకు 10.84 లక్షలు పలికింది. తర్వాత మూడేళ్లలోపే కొన్ని టెండర్లు రెండు లక్షల దరిదాపులకు దిగాయి. సెల్స్ చవకయ్యాయి, ప్రభుత్వ సాయమూ తోడైంది, నిజమే. కానీ అందరికంటే తక్కువ ధర (ఎల్-1) పోటీలో వెయ్యి రూపాయల కోసం కొట్టుకునేవాడు ముందు దేనికి కత్తెర వేస్తాడు? సెల్స్‌కి వెయ్యలేడు, అమ్మేది అవే కదా. వాయువును పసిగట్టే సెన్సర్‌కి, పేలుడు ఒత్తిడిని పైకి వదిలే కప్పు పలకకి, కంటైనర్ల మధ్య వదలాల్సిన ఖాళీకి వేస్తాడు. ప్రారంభోత్సవం ఫోటోలో ఈ మూడూ ఎలాగూ పడవు.

టెండర్ రాసే పెద్దలకు నేను పెట్టే కొర్రీ ఒక్కటే. కంటైనర్ దిగకముందే ఆ మండలానికి దగ్గర్లోని ఫైర్ స్టేషన్ గోడకి ఒక కాగితం అంటించాలి, తెలుగులో. లోపల ఏ వాయువు ఎంత ఉందో బయట నిలబడే ఎలా చూడాలి, నీళ్లు ఎక్కడ కొట్టాలి, తలుపు ఎప్పుడు తియ్యకూడదు. కింద కంపెనీవాళ్ల సంతకం, అర్ధరాత్రి కూడా ఎత్తే ఫోన్ నంబరు ఉండాలి. ఆ కాగితం అంటించేదాకా మొదటి బిల్లు పాస్ చెయ్యకూడదు.