నవబృందావనానికి వంతెన ఎందుకు వద్దంటానంటే

నేను పుట్టిని. వెదురు బద్దలు గుండ్రంగా అల్లి, అడుగున పట్టా కప్పి, తారు పూసి నన్ను నీళ్లలోకి దింపారు. తుంగభద్ర ఒడ్డున ఆనెగొంది రేవు నా చోటు. మంత్రాలయంలో రాఘవేంద్రస్వామిని దర్శించుకున్నవాళ్లలో చాలామంది, ఆయన గురువు సుధీంద్రతీర్థుల బృందావనం, అంటే సమాధి, కూడా చూడాలని ఇదే నది ఎగువకు వస్తారు. అది ఉన్నది నది నడుమ, నవబృందావనం అనే రాతి గడ్డ మీద. పద్మనాభతీర్థులు, వ్యాసరాయలు, సుధీంద్రులతో కలిపి తొమ్మిదిమంది మాధ్వ యతుల బృందావనాలు, ఒక రంగనాథుడి గుడి, ఒక ఆంజనేయుడి గుడి, చుట్టూ బండలు. కార్లూ బస్సులూ రేవు దగ్గరే ఆగాలి. అక్కణ్ణుంచి నేనో మోటారు పడవో దాటించాలి, దిగాక నడవాలి. ఇంతమంది వస్తున్నప్పుడు ఒక వంతెన వేస్తే ఏం పోతుందని రేవులో అడుగుతుంటారు. పోయేది చాలానే ఉంది.

ముందు నా పని సంగతి. 1520 ప్రాంతంలో విజయనగరం చూసిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేస్, ఇక్కడ నది దాటించే గుండ్రటి బుట్ట పడవల గురించి రాశాడు. అప్పట్లో మాకు బయటి వైపు తోలు కప్పేవారు. పదిహేను ఇరవై మంది ఎక్కేవారని, నేరుగా పోలేక తిరుగుతూ పోతాయని కూడా రాశాడు. ఆ తిరగడం ఈ నదికి తగినదే. ఇక్కడ నీళ్ల కింద ఎక్కడ పడితే అక్కడ బండలున్నాయి. నాకు ముందూ వెనకా లేవు, అడుగు చదును, జానెడు లోతున్నా తేలుతాను. బండ తగిలితే పక్కకు తిరిగి జారిపోతాను. తెడ్డు వేసే మనిషి వెళ్లే వైపు అంచున మోకాళ్ల మీద కూర్చుని నీటిని తనవైపు లాగుతాడు. ఎక్కినవాళ్లు అంచు వెంట చుట్టూ, లోపలికి ముఖం పెట్టి కూర్చోవాలి. ఫోటో కోసం ఒక్కరు లేచి నిలబడితే చాలు, బరువంతా ఒక పక్కకు పడుతుంది.

బృందావనాలున్న జాగా చిన్నది. పడవకు పట్టినంతమందే ఒక్కసారి వస్తారు. వాళ్లు ప్రదక్షిణ ముగించేసరికి తర్వాతి పడవ వస్తుంది. వంతెన ఉంటే ఆ లెక్క ఉండదు, జనం ఒక్క పెట్టున వచ్చి పడతారు. జనం వెనకాలే పార్కింగు, దుకాణాలు, లాడ్జీలు వస్తాయి. ఇది ఊహ అనుకునేవాళ్లు పక్కనే ఉన్న విరుపాపుర గడ్డను చూడాలి. అక్కడికి వాహనాలు పోయే దారి ఉంది, రిసార్టులు లేచాయి. 2020లో సుప్రీంకోర్టు తీర్పు వచ్చాక వాటిని కూల్చాల్సి వచ్చింది. 1986లో ప్రపంచ వారసత్వ జాబితాకెక్కిన పక్కనున్న హంపి, ఇక్కడి వంతెన పనుల వల్లే 1999లో ప్రమాదంలో ఉన్నవాటి జాబితాలోకి పోయి, 2006లో గాని బయటపడలేదు. ఆనెగొంది దగ్గర కడుతున్న వంతెన 2009లో కూలి కూలీలు చనిపోయారు. అయితే ఊళ్లకు వంతెన కావాలంటే నేను అడ్డు చెప్పను. పంట అమ్ముకోవాలి, ఆసుపత్రికి పోవాలి. నవబృందావనంలో ఊరు లేదు, బడి లేదు, సంత లేదు. అక్కడికి వచ్చేవాళ్లంతా చూసి వెళ్లిపోయేవాళ్లే.

వంతెన లేకపోయినా దొంగలు రాలేదా అని అడగవచ్చు. వచ్చారు. 2019 జూలైలో నిధి ఉందని నమ్మి, రాత్రివేళ వ్యాసరాయల బృందావనాన్ని పగలగొట్టారు. 1539 నుంచి ఉన్న రాళ్లు చెల్లాచెదురయ్యాయి. మఠాలవాళ్లూ భక్తులూ కలిసి వెంటనే మళ్లీ నిలబెట్టారు. నీళ్లు కాపలా కాయవు, ఆ మాట ఒప్పుకుంటాను. దానికి రాత్రి కాపలా మనుషులు కావాలి. గడ్డ మీదికి జీపు పోయే దారి వేస్తే దొంగకే సుఖం.

ఇంతకన్నా బరువైన అభ్యంతరం ప్రాణాల గురించి. 2017 ఏప్రిల్‌లో గుంతకల్లు దగ్గరి వై.టి. చెరువులో పుట్టి బోల్తాపడి పదిమందికి పైగా చనిపోయారు, అందులో పిల్లలూ ఉన్నారు. మా జాతి మీద ఆ మచ్చ ఉంది, దాన్ని దాచను. దానికి మందు నన్ను మానేయడం కాదు. ఎంతమందిని ఎక్కించవచ్చో నా అంచు మీదే రంగుతో రాయాలి, ఒక్కరు ఎక్కువైనా కదలనివ్వకూడదు, లైఫ్ జాకెట్ వేసుకోకపోతే ఎక్కనివ్వకూడదు. ముసలివాళ్ల సంగతీ ఉంది. వాళ్లకు కష్టం నదిలో కాదు, రేవులో జారే బండల మీద, నాలోకి కాలు పెట్టేటప్పుడు. మెట్లు సరిచేసి, పట్టుకోవడానికి ఇనుప కమ్మీ పెట్టి, ఎక్కించడానికి ఇద్దరు మనుషులను నిలబెడితే అయ్యేది వంతెన ఖర్చులో కొద్ది భాగమే.

ఎగువన డ్యాం గేట్లు ఎత్తినప్పుడు మాత్రం ఎవరు బతిమాలినా దాటకూడదు. 2024 ఆగస్టులో పంతొమ్మిదో గేటు గొలుసు తెగి కొట్టుకుపోయినప్పుడు నది ఎంత ముంచుకొచ్చిందో దిగువ ఊళ్లన్నిటికీ తెలుసు. అంత దూరం నుంచి వచ్చి రేవులోనే తిరిగిపోవడం బాధే. అందుకే గేట్లు ఎత్తిన కబురు రేవు దాకా వచ్చాక కాకుండా, మంత్రాలయంలో బస్సెక్కే ముందే యాత్రికులకు అందేలా ఒక బోర్డు పెట్టి, రోజూ పొద్దున్నే అందులో రాయించాలి.