పాకం పట్టించిన దొంగ

నాకు షుగరుంది. మీకైతే ఎంత సులువుగా చెప్పేశానో చూశారా? అదే కొత్తగా పరిచయమైన మనిషికి చెప్పాలంటే, తాడేసి లాగినా ఆ మాట నా నోట్లోంచి రాదు.

బీపీ ఉందని దర్జాగా చెప్పుకోవచ్చు. ఏదో పెద్ద బాధ్యతలున్న మనిషనుకుంటారు. షుగరన్నామా, అయిపోయాం. ఒకడు కాకరకాయ రసమంటాడు, ఇంకొకడు మెంతులంటాడు, మూడోవాడు నేరేడు గింజల పొడి ఇంటికే పట్టుకొచ్చేస్తాడు. ఈ వైద్యులకు భయపడే దాచానని నాకు నేను సర్దిచెప్పుకునేవాణ్ణి. అసలు సంగతి అది కాదు లెండి. నలభై నిండకుండానే షుగరంటే నా మీసానికి నామోషీ.

అందుకని కాకినాడకు బదిలీ అయి రాగానే కొత్త అవతారమెత్తాను. "స్వీట్లా? చిన్నప్పట్నుంచీ నాకు పడవండీ" అన్నాను, కాజాల ఊళ్లో! ఆఫీసులో అందరూ నన్నో రుషిలా చూశారు. రోజూ వేసుకునే మాత్ర విటమిన్ అని చెప్పాను.

ఇలా ఉండగా సహోద్యోగి చెల్లెలి పెళ్లి. 'విస్తళ్లు వేస్తున్నారు' అన్న కేక వినగానే గ్లిమెపిరైడ్ మాత్ర గుటుక్కున మింగాను. సరిగ్గా అప్పుడే మగపెళ్లివారి బస్సు దిగింది. మొదటి బంతి వాళ్లకి. రెండో బంతీ వాళ్లకే. మాత్రకి ఈ మర్యాదలేం తెలుసు? అన్నం వచ్చినా రాకపోయినా క్లోమం చేత ఇన్సులిన్ పిండించడమే దాని ఉద్యోగం.

చెమటలు. చేతులు వణుకు. గుండె దడ. చక్కెర 70కి దిగువన పడితే ఇలాగే ఉంటుందని నాకు తెలుసు. పక్కాయన్ని కాస్త పంచదార తెప్పించమంటే సరిపోయేది. మరి రుషి పరువో? మెల్లగా లేచాను, వంటశాల వెనక నుంచి దూరాను, గంగాళంలో చెయ్యి పెట్టాను, కాజా కొరికాను. అది గొట్టం కాజా! పాకం గడ్డం మీదికి, గడ్డం మీంచి తెల్ల చొక్కా మీదికి కారింది. రెండోది నోట్లో, మూడోది చేతిలో ఉండగా తలెత్తితే, గుమ్మంలో మా ఆఫీసంతా ఉంది.

"అదేంటి గురూగారూ, మీకు స్వీట్లు పడవన్నారు కదండీ?"

అప్పుడైనా చెప్పానా? "ఆకలేసిందండీ" అన్నాను. దొంగనని ఒప్పుకున్నాను గానీ రోగినని ఒప్పుకోలేదు. ఆ క్షణాన అదే గౌరవంగా తోచింది. మీరైతే ఏం చేసేవారు? నిజం చెప్పండి.

ఈలోగా మోకాళ్లు సహకరించక బియ్యం బస్తా మీద కూలబడ్డాను. పెద్ద వంటాయన ఒక్క చూపు చూసి, గ్లాసులో పంచదార నీళ్లు కలిపిచ్చి, పెళ్లిపందిరి దాకా వినిపించేలా అడిగాడు: "షుగరా బాబూ? ప్రతి పెళ్లిలోనూ ఒకళ్లుంటారండీ, ఆయ్!"

తర్వాత డాక్టరుగారు ఇంకో సంగతి చెప్పారు. కాజాలో నూనె ఉంటుంది కనుక చక్కెర రక్తంలోకి నెమ్మదిగా వెళ్తుందట. మూడు చెంచాల పంచదార నీళ్లలో కలుపుకుని తాగి, 15 నిమిషాలు ఆగి మళ్లీ చూసుకోవాలట. అంటే వైద్యపరంగా కూడా నా దొంగతనం దండగే! ఇకమీదట అన్నం విస్తట్లో పడ్డాకే మాత్ర మింగమన్నారు.

ఇప్పుడు ఏ పెళ్లికెళ్లినా మావాళ్లు నన్ను మొదటి బంతిలోనే కూర్చోబెడుతున్నారు. కాజా మాత్రం నా విస్తరి దాటించి మా క్యాషియరుకి వేయిస్తున్నారు. ఆయనకీ షుగరుంది. ఎవరికీ చెప్పొద్దని నాకొక్కడికే చెప్పాడు. తింటున్నంతసేపూ నా వంక చూడడు.